ప్రాక్సీ చుక్క

మంచిర్యాలలో ఉంటూ ఆకాశంలో కొత్త చుక్కను కనిపెట్టినవాణ్ని నేనొక్కణ్నే. ఈ ముక్క ఊరంతా చెప్పాను. శ్రీరాంపూర్ బస్సులో పక్క సీటాయనకు చెప్పాను, కరెంటు బిల్లు వరుసలో నా ముందున్నాయనకు చెప్పాను, పళ్ల డాక్టరు నా నోట్లో వేళ్లు పెట్టి ఉండగా ఆయనకూ చెప్పాను. ఊరంతా అంటే మరీ ఊరంతా కాదు. ఈ ముగ్గురే. అందులో డాక్టరుకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

బొగ్గుగనిలో సర్వే పని చేసి రిటైరైనవాణ్ని. భూమి లోపల సొరంగాలు ఎటు పోతున్నాయో, ఎంత దూరం పోయాయో కొలిచి పటం గీయడం నా ఉద్యోగం. బతుకంతా కిందికి చూశాను గనుక మిగిలిన నాలుగేళ్లు పైకి చూద్దామనుకున్నానని అడిగినవాళ్లతో అంటుంటాను. వినడానికి బాగుంటుంది గానీ అది నిజం కాదు. ఆఫీసులో పాత సామాను వేలం వేసినప్పుడు ఒక థియోడలైట్ నా పాలబడింది. మూడు కాళ్ల మీద నిలబెట్టి, దుర్భిణిలోంచి చూసి కోణాలు కొలిచే యంత్రం అది. ఇంట్లో కొలవడానికేముంది? డాబా మీద పెట్టి, పొద్దుగూకగానే చుక్కల మీదికి తిప్పాను.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం రోహిణి నక్షత్రానికి ఎడమ పక్కన సన్నని చుక్క ఒకటి కనబడింది. నా దగ్గరున్న నక్షత్ర పటంలో ఎడమ పక్కన ఏమీ లేదు. కుడి పక్కన ఒకటి ఉంది గానీ నేను చూసింది అది కాదు, నాది ఎడమ పక్కది. మరుసటి సాయంత్రమూ అక్కడే ఉంది. నాలుగో సాయంత్రానికి అది నా సొంతమైపోయింది.

పటంలో లేనంత మాత్రాన లోకంలో లేనట్టు కాదని నాకూ తెలుసు. పెద్ద దుర్భిణులతో తీసిన ఆకాశపు ఫొటోలన్నీ విదేశాల్లో కంప్యూటర్లలో దాచిపెట్టి ఉంటాయనీ, వాటిని అడిగి తెప్పించే సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుందనీ విన్నాను. నా దగ్గర కంప్యూటర్ లేదు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో ఉన్నాయి. ఒకసారి అక్కడి పిల్లలకు భూమి కొలతల గురించి నాలుగు మాటలు చెప్పడానికి నన్ను పిలిచారు. ఆ పరిచయం పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, సంభాషణలో ‘పరిశోధన’ అనే మాటను రెండుసార్లు వాడి, క్లాసులు లేని వేళల్లో కంప్యూటర్ గదిలో కూర్చునే అనుమతి సంపాదించాను. మూలన కిటికీ పక్కన పద్నాలుగో నంబరు కంప్యూటర్ నాది.

ఆ గదికి ఇన్‌చార్జి ఒక ఆదిలాబాద్ ఆడమనిషి. ముప్పై అయిదు దాటి ఉంటాయి. వాళ్ల బాపు అక్కడ జిన్నింగ్ మిల్లులో, వచ్చిన పత్తిలో తేమ ఎంతుందో చూసేవాడట. బిడ్డకూ ఆ చూపే వచ్చింది. మనిషి గడప దాటగానే ఇందులో నీళ్లెన్ని, దూదెంత అని కనిపెట్టేది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటేటా ఎండలు ముదరకముందే రెన్యువల్ కాగితం పోవాలి, దాని మీద ప్రిన్సిపాల్ ఆమె పని గురించి ఒక మాట రాయాలి. ఆ మాట మంచిది కాకపోతే ఇంటికే. ఈ సంగతి నాకు మొదటిరోజే చెప్పింది, ఊరికే చెప్పలేదు.

“సారూ, కూసోండ్రి, ఏం కావాల్నో చూసుకోండ్రి. కొత్తది ఎక్కిచ్చుడు, ఉన్నది పీకుడు మాత్రం వద్దు. గీ రూముల ఏమైనా నా మెడకే సుట్టుకుంటది.”

“నేనేం చేస్త బిడ్డా, ముసలోణ్ని” అన్నాను.

మూడో రోజు పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని పోయి ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను.

తెర నిండా ఆకాశం వచ్చింది. పట్టపగలు, కిటికీ బయట వేపచెట్టు మీద ఎండ కాస్తుంటే, లోపల నా ముందు రోహిణి. ఎడమ పక్కన నొక్కి ఫొటో కావాలని అడిగాను. చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, చివరికి సర్వర్ జవాబివ్వడం లేదని వచ్చింది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే. పక్కనే బ్రౌజర్ తెరిస్తే పేపరు వస్తోంది, వానల కబురు వస్తోంది, ఆదిలాబాద్ మార్కెట్లో పత్తి ధర వస్తోంది. నా చుక్క ఒక్కటే రావడం లేదు. అన్నీ వచ్చి ఒక్కటి రాకపోతే దాన్ని చెడిపోవడం అనరు, ఆపడం అంటారు. ఎవరు ఆపుతున్నారు? గదిలో నేను కాక ఉన్నది ఒక్కరే.

“బిడ్డా, ఇంటర్నెట్ మంచిగ వస్తలేదా?” అని మెల్లగా కదిపాను.

“వస్తుంది గద సార్. పొద్దుగాలసంది పేపర్ చదువుతనే ఉన్నరు.”

“కొన్ని వస్తలేవు.”

ఆమె చేతిలో పని ఆపింది. “ఏం కొన్ని?”

“ఊకెనే… కొన్ని ఫొటోలు.”

ఫొటోలు అన్న మాట ఎందుకన్నానా అనుకున్నాను. ఆమె లేచి, నా వెనక్కి వచ్చి నిలబడేలోపల తెరమీద పేపరు పెట్టేశాను. అది ఇంకా అన్యాయంగా కనబడింది.

“ఫైర్‌వాల్ ఉన్నది సార్. హైదరాబాద్ నుంచే పెట్టిండ్రు. మంచియి తప్ప రానియ్యది” అంది, ‘మంచియి’ అనే మాటను కొంచెం సాగదీసి.

ఫైర్‌వాల్ గురించి ఆమె నాకు చెప్పాలా? గనిలో బొగ్గు దానంతట అదే రాజుకుంటుంది. అప్పుడు ఆ దారికి అడ్డంగా గోడ కట్టి మూసేస్తారు, గాలి అందక మంట చావాలని. అలాంటి గోడలు వందల్లో కట్టించాను. కట్టించింది వేరేవాళ్లు, నేను పటంలో గీతలు గీశాను. వందలూ కాదు. కానీ ఒక సంగతి మాత్రం అప్పుడే గ్రహించాను. గోడ ఇవతలివాళ్లను కాపాడుతుందని అందరూ చెబుతారు, అవతల ఏం వదిలేసి వచ్చారో ఎవరూ చెప్పరు. ఈ కాలేజీ గోడకు అవతల ఉన్నది నా చుక్క. దాన్ని ఎవరో ముందే చూసి, తమ పేరు మీద రాసుకుంటున్నారేమో. ఇది నిజంగా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ అప్పుడు చాలా సబబుగా తోచింది.

సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఉంది, సర్వర్ పలికేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించమని చెప్పడానికి. అందులో టిక్కు పెట్టాను. ఇంటికి పోయేటప్పుడు తెర మాత్రం ఆపేసేవాణ్ని. లోపల అది పది సెకన్లకోసారి గోడను గుద్దుతూనే ఉండేది. అలా వారం రోజులు.

ఆ వారంలోనే ఒకనాడు, నాకోసం కాదన్నట్టు, ఎవరికోసమో అన్నట్టు అడిగాను.

“ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నదనుకో బిడ్డా. అది బయటికి పోతలేదు, పేపర్ మాత్రం వస్తుంది. ఎందుకంటవ్?”

“పేపర్ వచ్చేదాంట్ల నేను ప్రాక్సీ పెట్టిన సార్, అందుకే వస్తుంది. ప్రాక్సీ పెట్టకుంటే ఈడికెల్లి ఏదీ బయటికి పోదు. కాలేజీ మొత్తానికి నేనే పెడుత” అంది. తర్వాత నావైపు తిరిగి, “ఏ సాఫ్ట్‌వేర్?” అని అడిగింది.

నేను అప్పటికే వినడం లేదు. నా చెవిలో ఒకటే మాట గింగురుమంటోంది.

బొగ్గు బావుల మనిషికి ప్రాక్సీ అంటే ఒకటే అర్థం. రాని మనిషి హాజరును వచ్చిన మనిషి వేయడం. గనిలో మస్టర్ పడకపోతే ఆరోజు లేనట్టే, అందుకని ఒకడి మస్టర్ ఇంకొకడు వేయడం, దొరికిపోవడం, చార్జిషీటు, కాళ్లు పట్టుకోవడం, ఇవన్నీ చూస్తూ ముసలివాణ్నయ్యాను. కాలేజీ పిల్లలు కూడా ఈ మాటను ఆ అర్థంలోనే వాడతారు. ఈమె చూస్తే కాలేజీ మొత్తానికి నేనే పెడతానని మొహం మీదే చెబుతోంది.

ఆనాటి నుంచి నా కన్ను రోహిణి మీద లేదు, ఆమె మీదే. పదకొండింటికి తలుపు దగ్గరగా వేసి ఎటో పోతుంది. అరగంటకు వస్తుంది. ఒకసారి ప్రిన్సిపాల్ గదిలోంచి బయటికి రావడం చూశాను, ఆయన లేనప్పుడు. ఒకసారి ఆఫీసులో ఒకాయన “మేడమ్, నాది గూడ జర పెట్టుండ్రి” అనడం నా చెవులారా విన్నాను. ఇంకేం కావాలి? పదకొండింటికి ఆమె పోయేది స్టాఫ్ రూముకు, పొద్దున తినకుండా వస్తుంది గనుక టిఫిన్ డబ్బా తినడానికని తర్వాత తెలిసింది. అప్పుడు ఎవరినడిగినా చెప్పేవారు. నేను అడగలేదు. అడిగితే అనుమానం పోతుంది కదా.

ఈ భారం ఒక్కణ్నే మోయలేక, స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్లో నా మిత్రుడి ముందు దించాను. ఆయన గనిలో మస్టర్ గుమాస్తాగా చేశాడు. మనిషిని మొహం చూసి కాదు, హాజరు చూసి గుర్తుపట్టే రకం.

“ఆమె నోటితోనే అన్నదిర భయ్. కాలేజీ మొత్తానికి నేనే ప్రాక్సీ పెడుత అన్నది.”

“మొత్తానికా?” చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “ఒక్కనికి గాదు, ఇద్దరికి గాదు, మొత్తానికా? గంత ధైర్యం మన బాయి మీద ఎవనికన్న ఉండెనా?”

“ఎవ్వరికి చెప్పకు మల్ల.”

“నేనా? కడుపుల దాసుకుంట.”

ఆ కడుపు రెండు రోజులే ఆగింది. పొద్దున ఆయన నడిచే రోడ్డు మీదే ప్రిన్సిపాల్ కూడా నడుస్తాడు. ఆ సంగతి నాకు తెలియదని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. తెలుసు.

ఆనాడు చాయ్ హోటల్లోనే మిత్రుడు నన్ను ఎకసెక్కం ఆడాడు. “నీ చుక్క సంగతేంది? గంత పరేషాన్ ఎందుకు, ఫోన్ల సూడరాదు? ఇండ్ల గూడ ఆకాశం ఫొటోలున్నయట.” వేలితో అటూ ఇటూ గీకి, రోహిణి ఫొటో తీసి, బల్ల అవతలి నుంచే ఫోన్ నావైపు చాపాడు. చూశాను. “ఫోన్ ఫొటోలు నమ్మరాదు” అన్నాను. ఇంకో చాయ్ చెప్పాను. ఆ ఫొటోలో ఏం చూశానో అప్పుడు ఆయనకు చెప్పలేదు.

ఆ చాయ్ తాగిన నాలుగు రోజులకు ప్రిన్సిపాల్ పిలిపించాడు. పోయేసరికి ఆమె అప్పటికే బల్ల ముందు నిలబడి ఉంది. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి హైదరాబాద్ నుంచి వచ్చిన ఉత్తరం. మీ కాలేజీలోని పద్నాలుగో కంప్యూటర్ నిషేధించిన దారిలో ఒక విదేశీ సర్వర్‌ను తెరిపి లేకుండా పిలుస్తోంది, ఎందుకో మూడు రోజుల్లో గది ఇన్‌చార్జి సంతకంతో జవాబు పంపాలి. రెండోది ఆమె రెన్యువల్ కాగితం. ప్రిన్సిపాల్ రాయాల్సిన గీత ఖాళీగా ఉంది. ఆయన పెన్ను ఆ గీత మీదే పెట్టి ఉంది.

“కంప్యూటర్ సంగతి తర్వాత” అన్నాడు ఆమెతో. “ముందు ఒకటి సీదా అడుగుత, సీదా చెప్పు. ప్రాక్సీ పెడుతున్నవట?”

“అవును సార్.”

“అవునా?”

“పెట్టకుంటే ఎట్ల నడుస్తది సార్? వచ్చినకాడికెల్లి పెడుతున్న.”

“ఎవలెవలికి?”

“అందరికి సార్. ఆఫీసుల పెట్టిన, లైబ్రరీల పెట్టిన. మీకు గూడ పెట్టిన.”

ప్రిన్సిపాల్ కుర్చీలో ముందుకు జరిగాడు. “నాకా? నేను రోజూ వస్తనే ఉన్న గదమ్మా! నాకెందుకు పెట్టినవ్?”

“మీరే పెట్టుమంటిరి సార్.”

“నేనంటినా?” వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఎప్పుడన్న?”

“మీటింగ్ లింక్ తెరుసుకుంటలేదు అంటిరి. మీరు లేనప్పుడు వచ్చి మీ కంప్యూటర్ల పెట్టిపోయిన.”

కంప్యూటర్లో పెట్టేదాన్ని కూడా ప్రాక్సీ అంటారని నాకు అప్పుడు తెలిసింది. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరేమనుకున్నారో, ఎవరు అనుకునేలా చేశారో ఒక్కసారిగా ఆమెకు అందింది. కోపం వస్తే ఆమె నోట మరాఠీ దొర్లుతుంది. “కాయ్ సాంగూ” అంది, ఏం చెప్పేది అని. తర్వాత చాలా ఓపికగా, బయటికి పోయేదంతా ఒక్క కంప్యూటర్ ద్వారానే పోవాలనీ, దాని అడ్రసు ఒక్కోదాంట్లో రాసిపెట్టడమే ప్రాక్సీ పెట్టడమనీ చెప్పింది. ప్రిన్సిపాల్ బోటనీ మనిషి. తల ఊపాడు గానీ ఆ ఊపులో నమ్మకం లేదు.

నేను కల్పించుకున్నాను. “సార్, బాయిల అగ్గి గోడ కడితె దాంట్ల ఒక పైపు పెడుతరు, అవుతలి గాలి తీసి చూసెటందుకు. పైపుకు వాల్వు, వాల్వుకు తాళం. ఎవడువడితె వాడు తియ్యరాదు. గీ ప్రాక్సీ గా పైపు అసుంటిది. పేపర్‌కు పైపు ఏడున్నదో ఈమె చెప్పింది. చెప్పనిది గోడకు గుద్దుకుంటది.”

“అంతే సార్” అంది ఆమె. ఆ రెండు మాటల్లో నామీద మెచ్చుకోలు ఉందని కొందరికి చెప్పాను. లేదు. ఆ మాట ప్రిన్సిపాల్‌తో అంది.

ప్రిన్సిపాల్ బరువు దిగినట్టు వెనక్కి వాలాడు. అంతలోనే ఉత్తరం అందుకున్నాడు. “మరి గోడకు గుద్దుతున్న గీ పద్నాలుగో నంబర్ది ఎవరిది?”

ఆమె నావైపు చూడలేదు. “రూము నాది సార్, జవాబు నేనే చెప్పాలె. ఎవరు ఎక్కిచ్చిండ్రో అనుమానమున్నది. కండ్లతోని చూడలే. చూడందే పేరు చెప్ప.”

నేను చూడకుండానే ఆమె పేరు చెప్పి వచ్చినవాణ్ని. నోరు తెరిచాను, అయినా తెరవగానే వచ్చింది నిజం కాదు. “అది పరిశోధన సార్. రోహిణి పక్కన కొత్త చుక్క కనబడ్డది. దాని కోసమే విదేశాల సర్వర్…”

“కొత్త చుక్కనా?” ప్రిన్సిపాల్ మొహం వెలిగింది. “మన కాలేజీలనా? అరే, ముందుగాల చెప్పాలె గద! తనిఖీ టీము వచ్చేది ఉన్నది. గదే రాద్దాం, ‘మా కంప్యూటర్ గదిలో కొత్త నక్షత్రంపై పరిశోధన జరుగుతున్నది’ అని. గీ అమ్మ సంతకం పెడుతది. రెన్యువల్ మీద గూడ మంచిగ రాస్త.”

చిక్కంతా విడిపోయింది. ఆమె ఉద్యోగం నిలిచింది, కాలేజీకి పేరొచ్చింది, నా చుక్క బతికింది. ఆమె పెన్ను మూత తీసింది. తీసి ఆగింది.

“సార్, సంతకం నాది” అంది నాతో, మొదటిసారి సూటిగా చూసి. “రేపు హైదరాబాదోళ్లు ఫోన్ జేసి, ఏదమ్మా చుక్క అంటె నేను చూపియ్యాలె. చూపియ్యకుంటే గీ నౌకరి గాదు, ఇంకో నౌకరి గూడ రాదు. ఉన్నదా సార్?”

చాయ్ హోటల్లో ఫోన్లో ఏం చూశానో ఇప్పుడు చెబుతాను. మిత్రుడు బల్ల అవతలి నుంచి చాపాడు గనుక ఫొటో నాకు తలకిందులుగా కనబడింది. తలకిందులైన ఆ ఫొటోలో, రోహిణికి ఎడమ పక్కన, నా చుక్క. నేను చూసినట్టే, అంతే దూరంలో. ఫోన్ చేతిలోకి తీసుకుని తిప్పితే అది కుడి పక్కకు పోయింది. అంటే నా పటంలో ఎప్పటినుంచో ఉన్న ఆ కుడి పక్క చుక్కే. పాత థియోడలైట్ దుర్భిణిలో అన్నీ తలకిందులుగా కనబడతాయి. ఎడమది కుడి, కుడిది ఎడమ. సర్వే పనిలో చేరినవాడికి మొదటిరోజు చెప్పే పాఠం ఇదే. నేనే ఎందరికో చెప్పాను. తలకిందులుగా చూస్తూ తిన్నగా గీస్తూ ఉద్యోగం వెళ్లదీసినవాణ్ని, డాబా ఎక్కగానే అది మరిచాను. మిత్రుడికి చెప్పలేకపోయింది చుక్క పోయినందుకు కాదు, పాఠం మరిచినందుకే. తెలిశాక కూడా నాలుగు రోజులు ఆ కంప్యూటర్‌ను గోడ గుద్దనిచ్చాను. ఆ గదిలో నన్ను సారూ అంటారు.

“లేదు బిడ్డా” అన్నాను. “ఉన్నది పాతదే. నేను ఉల్టా చూసిన.”

“ఉల్టానా?” అన్నాడు ప్రిన్సిపాల్, పిల్లవాడి చేతిలోంచి మిఠాయి లాక్కున్నట్టు.

ఆమె వెంటనే తెల్లకాగితం తీసుకుంది. “ఎక్కిచ్చింది మీరేనా సార్?”

“నేనే.”

“ఏమని రాయాలె? మీ హోదా?”

“రిటైర్డ్ చీఫ్ సర్వేయర్ అని రాయి.”

ఆమె తేమ చూసే చూపు చూసింది.

“సర్వేయర్” అన్నాను. పెన్ను కదల్లేదు. “అసిస్టెంట్ సర్వేయర్” అన్నాను. అప్పుడు రాసింది.

“తెలిసి చేసిండ్రా, తెల్వక చేసిండ్రా?”

“సగం తెలిసి…”

“సగమని రాస్తె మిగిలిన సగం నా మీద ఏస్తరు సార్.”

“తెలిసే చేసిన” అన్నాను. “ఎక్కియ్యద్దని నువ్వు చెప్పినంక, పెన్ డ్రైవ్ జేబుల పెట్టుకొచ్చి చేసిన. గది గూడ రాయి.”

ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట విడవకుండా రాసింది. కింద నేను సంతకం పెట్టాను, ఆ పక్కన ఆమె. ప్రిన్సిపాల్ తనిఖీ టీము ఆశ చచ్చినవాడిలా రెన్యువల్ కాగితం లాక్కుని ‘సంతృప్తికరం’ అని రాశాడు. “ముందట ‘చాలా’ అని పెట్టరాదుండ్రి సార్” అన్నాను. ఆయన చూసిన చూపుకు బయటికి వచ్చేశాను.

రెన్యువల్ వచ్చింది, ఆలస్యంగానైనా. నా గొడవ మాత్రం తీరలేదు. ప్రాక్సీ అంటే ఆ ప్రాక్సీ కాదని, గోడలో పైపు లాంటిదని మిత్రుడితో చెబితే ఆయన ముసిముసిగా నవ్వి, “పైపు కథ మంచిగున్నది. నిన్ను గూడ కలుపుకున్నదా ఏంది?” అన్నాడు. ఆయన చెప్పినవాళ్లకు నేను పోయి చెప్పాను, వాళ్లూ అలాగే నవ్వారు. అబద్ధం చెప్పినప్పుడు నమ్మినవాళ్లు నిజం చెబితే నా వెనక ఎవరున్నారని చూస్తున్నారు. అందుకని ఇదంతా కాగితం మీద పెట్టాను. ఆమె ఏ మనిషి హాజరూ వేయలేదు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

రాసింది ఆమెకు చూపించాను. డబ్బా తింటూ, పెన్ను పక్కన పెట్టుకుని చదివింది. రెండు చోట్ల కొట్టేసింది, ఏవో చెప్పను. చివర్లో ఆమె నన్ను పెద్ద మనసుతో క్షమించిందని ఒక వాక్యం రాశాను. అక్కడ పెన్ను ఆపి, “గిది ఎప్పుడైంది సార్?” అని అడిగింది.

ఆ వాక్యం తీసేశాను.